థాయ్ తులసి వేపుడు ఇంట్లో కుదరాలంటే: ఫట్ కఫ్రావ్ – నా అనుభవం

థాయ్‌లాండ్‌లో అడిగింది అప్పటికప్పుడు వండి ఇచ్చే చిన్న హోటళ్లు ఎక్కడ చూసినా ఉంటాయి. వాటిలో ఏదానికి వెళ్లినా దాదాపు తప్పకుండా దొరికేది ఫట్ కఫ్రావ్. సన్నగా కొట్టిన మాంసాన్ని వెల్లుల్లి, మిరపకాయలతో పెద్ద మంట మీద వేయించి, చివర్లో గుప్పిళ్లకొద్దీ తులసి జాతి ఆకు కలిపి, వేడన్నం మీద వేసి, పైన నూనెలో పొంగించిన గుడ్డు పెట్టి ఇస్తారు. ఏం తినాలో తోచనప్పుడు నోటికొచ్చే పేరు కాబట్టి థాయ్‌వాళ్లు దీన్ని ‘మెనూ సిన్ ఖిట్’ అంటారు, అంటే బుర్ర పనిచెయ్యనప్పుడు చెప్పే వంటకం. మన ఇళ్లలో ఏ కూరా తోచని పూట టమాటా పప్పు పెట్టేస్తామే, అలాంటిది. పొయ్యి మీద ఉండేది ఐదు నిమిషాలే. కానీ ఆ ఐదు నిమిషాల్లో సరిదిద్దుకునే వ్యవధి ఉండదు. ఎన్నోసార్లు వండాక, ఎక్కడ తేడా వస్తుందో, ఎందుకు వస్తుందో తెలిసిన మేరకు కొలతలతో సహా రాస్తున్నాను.

ముందు పేరు సంగతి. ఇంగ్లీషు అక్షరాల్లో దీన్ని నాలుగైదు రకాలుగా రాస్తారు, ఏదీ సరిగ్గా పలకదు. తెలుగు లిపికి ఆ ఇబ్బంది లేదు. ఫలం, ఫణి అనేటప్పుడు పలకాల్సిన ఒత్తు ‘ఫ’ ఉంది చూడండి, ఫ్యానులో ‘ఫ’ కాదు, అదే థాయ్ శబ్దం. ‘ఫట్’ అంటే వేయించడం, ‘కఫ్రావ్’ అంటే ఆ ఆకు. మాటల్లో రేఫ జారిపోయి ‘కఫావ్’ అని వినిపిస్తుంది. ఆకు పేరే వంటకం పేరు కాబట్టి మొదట తేల్చుకోవాల్సింది ఆకే.

థాయ్ వంటింట్లో తులసి కుటుంబానికి చెందిన ఆకులు మూడు తిరుగుతుంటాయి. ఒకటి హోరఫా. ఊదారంగు కాడ, నున్నటి ఆకు, సోపు వాసన. మన సూపర్ మార్కెట్లలో ‘థాయ్ బేసిల్’ అని అమ్మేది ఇదే. కొబ్బరిపాలతో చేసే గ్రీన్ కర్రీలో పడేది ఇది. రెండోది మెంగ్లక్, నిమ్మ వాసన వస్తుంది. మూడోది కఫ్రావ్. ఇది మన తులసి జాతే, శాస్త్రం ప్రకారం రెండూ ఒకే మొక్క. అంచులు రంపంలా, ఆకు మీద సన్నటి నూగు, నలిపితే లవంగం, మిరియం కలిసిన ఘాటు. మనకు రామ తులసి, కృష్ణ తులసి ఉన్నట్టే వాళ్లకూ తెల్ల కఫ్రావ్, ఎర్ర కఫ్రావ్ అని రెండు రకాలు ఉన్నాయి. ఎర్రదానికి ఘాటు ఎక్కువ.

బజారులో థాయ్ బేసిల్ అని రాసిన కట్ట తెచ్చి ఈ వేపుడు చేస్తే తినడానికి బాగానే ఉంటుంది, కానీ అది ఫట్ కఫ్రావ్ కాదు. సోపు వాసన మాంసానికి ఒక తీపి ధోరణి తెస్తుంది. కఫ్రావ్ చేసేది దానికి పూర్తిగా ఎదురు. మిరప కారం నాలుక మీద మండుతుంటే, దాని వెనక ఇంకో కారం ముక్కులోకి ఎక్కుతుంది. ఆ రెండో కారం కోసమే ఈ వంట.

అయితే మన తులసి వేసేస్తే సరిపోతుందా అంటే, సగం వరకు సరిపోతుంది. మన నర్సరీలో దొరికే తులసిలో లవంగం, కర్పూరం వాసనలు ముందుంటాయి, ముదురు ఆకు వగరుగా, కాస్త చేదుగా ఉంటుంది. థాయ్ రకం ఆకు మెత్తన, మిరియపు ఘాటు ఎక్కువ. మన తులసే వాడాల్సి వస్తే కొమ్మ చివరి లేత ఆకులు మాత్రమే తీసుకోవాలి. 250 గ్రాముల మాంసానికి 12 నుంచి 15 గ్రాములు చాలు. దానికి తోడుగా 10 గ్రాముల రుద్రజడ ఆకు, అదే సబ్జా గింజల మొక్క ఆకు, వేస్తే చేదు తగ్గి ఆకు పరిమాణమూ సరిపోతుంది. నేను చేసి చూసిన ప్రత్యామ్నాయాల్లో అసలుకు దగ్గరగా వచ్చింది ఇదే.

తులసికోటలో పూజ చేసే మొక్క నుంచి వంటకు ఆకు తుంచడం, అదీ మాంసంలోకి, చాలా ఇళ్లలో ఒప్పుకోరు. ఆ పట్టింపును గౌరవించాల్సిందే. థాయ్‌వాళ్లకు కఫ్రావ్ అంటే మనకు కొత్తిమీర, పుదీనా లాంటి వంటింటి ఆకు. అందుకే వంట కోసం థాయ్ కఫ్రావ్ విత్తనాలు తెప్పించి వేరే కుండీలో, ఇంటి వెనక వైపో మేడ మీదో పెంచుకోవడం మంచిది. విత్తనం ఆవగింజ కన్నా చిన్నది, లోతుగా పాతితే మొలవదు. తడి మట్టి మీద చల్లి, పైన వేళ్లతో మట్టి దుమ్ములా రాల్చి, తడి ఆరకుండా చూస్తే వేడి నెలల్లో వారం పది రోజుల్లో మొలకలు వస్తాయి. ఆరేడు ఆకులు రాగానే చివర తుంచాలి, అప్పుడు పక్క కొమ్మలు వేస్తుంది. రెండు నెలలకు ఒక వంటకు సరిపడా ఆకు చేతికొస్తుంది. పూత వదిలేస్తే ఆకు చిన్నదై ముదురుతుంది, కాబట్టి వెన్నులు వేసినవి వేసినట్టే తుంచెయ్యాలి. లేత వెన్నులు పారెయ్యక్కర్లేదు, వేపుడులో వేసుకుంటే ఆకు కన్నా ఘాటుగా ఉంటాయి. తెంపిన కొమ్మలను ఫ్రిజ్‌లో పెడితే ఆకులు చలికి నల్లబడతాయి. గ్లాసులో నీళ్లు పోసి కాడలు ముంచి బయట పెడితే రెండు రోజులు బాగుంటాయి.

ఇక మాంసం. థాయ్‌లాండ్‌లో ఎక్కువగా కనిపించేది పంది మాంసం కొట్టినది, తర్వాత కోడి, గొడ్డు మాంసం, ఇంకా రొయ్యలు, కరకరలాడేలా వేయించిన పంది పొట్ట మాంసం కూడా. మన ఇళ్లలో తేలిగ్గా కుదిరేది కోడి కాబట్టి దాంతోనే చెబుతాను. కొట్లో లెగ్ బోన్‌లెస్ అడగండి. రొమ్ము మాంసం ఇంత మంట మీద రెండు నిమిషాల్లో పీచులా ఎండిపోతుంది. స్కిన్‌తో కోడి అమ్మే చోటైతే 25 గ్రాముల చర్మం కూడా తీసుకుని సన్నగా తరిగి కలపండి. ఈ వంటకు కొంచెం కొవ్వు కావాలి, లేకపోతే సాస్ మాంసానికి పట్టదు, విడిగా ఉండిపోతుంది.

మిషన్ ఖీమా మాత్రం వద్దు. ఇంట్లో ఈ వంట పాడయ్యేది చాలాసార్లు ఖీమా దగ్గరే. మిషన్‌లో రెండుసార్లు తిప్పిన కోడి ఖీమా పేస్టులా ఉంటుంది, మూకుట్లో వెయ్యగానే ఒకదానికొకటి అతుక్కుని ఉండలవుతుంది. పైగా మనకు ఖీమాను కడిగే అలవాటు. కడిగిన ఖీమా స్పాంజిలా నీళ్లు పీల్చుకుంటుంది, ఎంత పిండినా లోపల ఉండిపోతుంది. అది మూకుట్లో పడగానే ఆ నీళ్లన్నీ బయటికొచ్చి మాంసం వేగడం మానేసి ఉడుకుతుంది. కడగాలనుకుంటే పెద్ద ముక్కలుగా ఉన్నప్పుడే కడిగి, చిల్లుల గిన్నెలో పదిహేను నిమిషాలు వాడేసి, పొడిగుడ్డతో అద్ది, అప్పుడు కత్తితో కొట్టుకోండి. ముందు సన్నటి పట్టీలుగా, తర్వాత అడ్డంగా, చివర కత్తితో పైపైన టకటకా కొడుతూ పోతే పెసరగింజంత, శనగగింజంత ముక్కలు కలగాపులగంగా వస్తాయి. ఆ ఎగుడుదిగుడే కావాలి. చిన్నవి కరకరలాడతాయి, పెద్దవి లోపల మెత్తగా ఉంటాయి. 250 గ్రాములు కొట్టడానికి నాకు ఆరేడు నిమిషాలు పడుతుంది.

మిరప, వెల్లుల్లి దగ్గరికి వస్తే తెలుగువాళ్లకు ఇంట్లోనే చుట్టరికం ఉంది. మనం పండుమిరప పచ్చడికి దంచే పద్ధతే ఇక్కడా కావాలి: కచ్చాపచ్చాగా. థాయ్‌లో వాడేవి ‘ఫ్రిక్ ఖీ నూ’ అనే వేలెడంత కూడా లేని చిన్న మిరపకాయలు, వాటితో పాటు రంగు కోసం పెద్ద ఎర్ర మిరపకాయలు. నేను చిన్న ఘాటు మిరపకాయలు 6, పండుమిరపకాయలు 2 తీసుకుంటాను. పండుమిరప దొరకని నెలల్లో మూడు ఎండు గుంటూరు మిరపకాయలను వేడినీళ్లలో పది నిమిషాలు నానబెట్టి దంచవచ్చు. థాయ్‌లో ఎండుమిరపతో చేసే కఫ్రావ్ కూడా విడిగా ఒక పద్ధతే, కాబట్టి ఇది సర్దుబాటు అనుకోనక్కర్లేదు. వెల్లుల్లి 7 లేదా 8 మధ్యస్థ రెబ్బలు, సుమారు 25 గ్రాములు. చిన్న రెబ్బల నాటు వెల్లుల్లి అయితే ఇంకా మంచిది.

రాతి కల్వంలో ముందు మిరపకాయలు దంచాలి. వెల్లుల్లి ముందు వేస్తే రోకటి కింద నుంచి జారి బయటికి ఎగురుతుంది. మిరప కాస్త నలిగాక వెల్లుల్లి వేస్తే ఆ తడికి నిలుస్తుంది. దంచడం ఎక్కడ ఆపాలన్నదే అసలు విషయం. మిరపగింజలు విడిగా కనిపిస్తుండాలి, వెల్లుల్లి తునకలు బియ్యపు నూక అంత ఉండాలి. అంతకన్నా మెత్తగా అయితే అది ముద్ద, వేడి నూనెలో పడగానే అడుగంటి మాడుతుంది. మిక్సీలో వేస్తే సరిగ్గా ఇదే జరుగుతుంది: బ్లేడు కోసిన వెల్లుల్లి రసం వదులుతుంది, ఆ రసం మూకుడికి అంటుకుంటుంది. కల్వం లేకపోతే కత్తితో సన్నగా తరగండి, వాసన కొంచెం తగ్గినా రుచి చెడదు. అల్లం వెల్లుల్లి పేస్టు జోలికి వెళ్లకండి. అల్లం ఈ వంటకు చెందదు, వేస్తే మొత్తం మన కోడి వేపుడు వైపు తిరిగిపోతుంది.

సాస్‌ల కొలత ఇద్దరికి ఇలా పెట్టుకుంటాను: ఆయిస్టర్ సాస్ 1 టేబుల్‌స్పూను, ఫిష్ సాస్ 2 టీస్పూన్లు, థాయ్ పల్చటి సోయా సాస్ 1 టీస్పూను, నల్ల సోయా సాస్ అర టీస్పూను, పంచదార 1 టీస్పూను. ఇవన్నీ ముందే ఒక చిన్న గిన్నెలో కలిపి, పంచదార కరిగేదాకా తిప్పి, పొయ్యి పక్కన పెట్టుకోవాలి. మూకుడు రగులుతున్నప్పుడు నాలుగు సీసాల మూతలు తియ్యడం కుదిరే పని కాదు. ఉప్పు విడిగా చిటికెడు కూడా వెయ్యొద్దు.

ఫిష్ సాస్ వాసన చూసి భయపడి మానేస్తారు కొందరు. అది మన నెత్తళ్ల లాంటి చేపను ఉప్పులో నెలల తరబడి ఊరబెట్టి దించిన రసం. సీసాలో ఉన్నప్పటి నీచు వాసన వేడి మూకుడి అంచు తగలగానే పోయి, ఎండుచేప కాల్చినప్పటి కమ్మదనం లాంటిది మిగులుతుంది. సీసా మీద దినుసుల చోట చేప, ఉప్పు, మహా అయితే పంచదార వరకే ఉంటే మంచిది. నల్ల సోయా విషయంలో జాగ్రత్త. థాయ్ నల్ల సోయా పాకంలా చిక్కగా, కొంచెం తియ్యగా ఉంటుంది, రంగు కోసమే వేస్తారు. మన దగ్గర నూడుల్స్ కోసం అమ్మే డార్క్ సోయాల్లో చాలావరకు పల్చగా, ఉప్పగా ఉంటాయి. అది వాడితే పల్చటి సోయా మానెయ్యండి, లేకపోతే కూర ఉప్పుకషాయం అవుతుంది. ఆయిస్టర్ సాస్ అసలు వెయ్యకుండా ఫిష్ సాస్, కాస్త పంచదారతోనే వండేవాళ్లు థాయ్‌లాండ్‌లోనూ ఉన్నారు. అలా చేస్తే ఆకు వాసన ఇంకా నిటారుగా నిలబడుతుంది. ఆకు బాగా దొరికిన రోజు నేనూ ఆయిస్టర్ సాస్ సగానికి తగ్గిస్తాను.

ఉల్లిపాయ, క్యారెట్, బేబీకార్న్, క్యాప్సికం ఏవీ వద్దు. థాయ్‌వాళ్లలో ఇదొక పెద్ద తగువు. మాంసం తగ్గించి కూర పెంచడానికే వీటిని వేస్తారని చాలామంది విసుక్కుంటారు. నా అభ్యంతరం వేరే: ఉల్లిపాయ నీళ్లు వదులుతుంది, తీపి తెస్తుంది, ఈ రెండూ ఈ వేపుడుకు శత్రువులే. ఒక్క పొడుగు బొబ్బరకాయలు మాత్రం 40 గ్రాముల వరకు, అర అంగుళం ముక్కలు కోసి, విడిగా ఒక నిమిషం వేయించి కలిపితే సర్దుకుంటాయి.

పొయ్యి దగ్గరికి వెళ్లేముందు మిగతావన్నీ సిద్ధంగా ఉండాలి. అన్నం వండి మూత పెట్టి ఉండాలి. థాయ్ జాస్మిన్ బియ్యం అయితే ఒక కప్పుకు ఒకటింపావు కప్పు నీళ్లు పోస్తే చాలు. అది లేకపోతే సోనామసూరి కాస్త మెత్తగా వండుకోండి. బాస్మతి వద్దు, ఆ పొడి మెతుకుల మీద సాస్ నిలవదు, అడుక్కి కారిపోతుంది. ఆకు 25 నుంచి 30 గ్రాములు, అంటే వదులుగా రెండు గుప్పిళ్లు, కాడల నుంచి వలిచి, కడిగి, పూర్తిగా ఆరబెట్టి ఉండాలి. తడి ఆకు మూకుట్లో పడితే ఆవిరికి ఉడికి నల్లబడుతుంది. ఆకును తరగొద్దు, చింపొద్దు. వాసన ఆకు మీది సన్నటి నూనె తిత్తుల్లో ఉంటుంది, తరిగితే అది చాకుకూ పలకకూ పోతుంది. ఫ్రిజ్‌లోని మాంసం పావుగంట ముందు బయట పెట్టాలి. చల్లటి మాంసం మూకుడి వేడిని ఒక్కసారిగా దించేస్తుంది.

మూకుడు ఇనుపదైతే మంచిది. నాన్‌స్టిక్ పనికిరాదు, దాన్ని ఇంత వేడి చెయ్యకూడదు, చెయ్యకపోతే మాంసం వేగదు. ఇంకో మాట: ఒక వాయికి 250 గ్రాములే. నలుగురికి కావాలంటే రెండు వాయిలు చెయ్యండి. హోటల్ పొయ్యి మంటకు మన వంటింటి గ్యాస్ సాటి రాదు. అరకిలో ఒకేసారి వేస్తే మూకుడు చల్లబడి, ఖీమా కడిగి వేసినట్టే నీళ్లు ఊరతాయి.

ఖాళీ మూకుడు పెద్ద మంట మీద పెట్టి సన్నగా పొగ లేచేదాకా కాల్చాలి. వెంటనే మంట తగ్గించి 2 టేబుల్‌స్పూన్ల నూనె పోసి ఒకసారి మూకుడంతా తిప్పాలి. వేరుశనగ నూనె వద్దు, దాని వాసన ఆకుతో పోటీ పడుతుంది. పొద్దుతిరుగుడు నూనో తవుడు నూనో చాలు. ఇప్పుడు దంచిన మిరప వెల్లుల్లి వెయ్యాలి, మంట మధ్యస్థంగా ఉండాలి. పొగలు కక్కే నూనెలో వేస్తే పది సెకన్లలో వెల్లుల్లి నల్లబడి చేదెక్కుతుంది, ఆ చేదును తర్వాత ఏ సాసూ దాచలేదు. 20 నుంచి 30 సెకన్లు గరిటె ఆపకుండా తిప్పుతుంటే వెల్లుల్లి అంచులు లేత గోధుమ రంగుకు తిరుగుతాయి, మిరప కోరు లేస్తుంది. ఇంట్లో అందరికీ పొలమారుతుంది, చిన్నపిల్లలుంటే పక్కగదికి పంపి, కిటికీలు తెరిచి, చిమ్నీయో ఫ్యానో వేసి ఉంచుకోండి.

ఆ క్షణాన మాంసం వేసి మంట పూర్తిగా పెంచాలి. గరిటెతో మూకుడంతా పరిచి, ఒక నిమిషం కదపకుండా వదిలెయ్యాలి. చెయ్యి ఊరుకోదు, కలపాలనిపిస్తుంది. కానీ మొదటి నిమిషం కలిపితే అడుగు ఎర్రబడకముందే నీళ్లు వదులుతుంది. మీ చెవులతో కనిపెట్టండి: చిటపటలాడుతుంటే సరిగ్గా నడుస్తున్నట్టు, బుడబుడమంటే నీళ్లు ఊరాయన్నట్టు. బుడబుడ మొదలైతే సాస్ వెయ్యకుండా ఆగి, మాంసాన్ని మూకుడి అంచులకు నెట్టి, మధ్యలో చేరిన నీళ్లు ఇగిరేదాకా మంట అలాగే ఉంచాలి. మాంసం కొంచెం గట్టిపడుతుంది కానీ కూర నిలబడుతుంది. నిమిషం తర్వాత తిరగేసి, గరిటె అంచుతో ఉండలు విడగొడుతూ ఇంకో నిమిషంన్నర వేయించాలి. అక్కడక్కడా ఎర్రటి మచ్చలు కనిపించాలి.

అప్పుడు సాస్ గిన్నెను మాంసం మీద కాకుండా మూకుడి అంచు చుట్టూ తిప్పి పొయ్యాలి. కాలిన ఇనుము తగిలి సాస్ చుయ్‌మని ఎగసి కొంచెం మాడినట్టయి కిందికి జారుతుంది, హోటల్ వేపుడులో వచ్చే పొగ వాసన చాలావరకు ఇక్కడే పుడుతుంది. అర నిమిషం తిప్పి, 2 టేబుల్‌స్పూన్ల నీళ్లు చిలకరించండి. ఈ నీళ్లు ఎందుకంటే, పూర్తిగా పొడిపొడిగా ఉంటే అన్నంలో కలవదు. థాయ్‌వాళ్లు ‘ఖ్లుక్ ఖ్లిక్’ అనే మాట వాడతారు, అంటే పులుసు కాకుండా, పొడి కాకుండా అన్నం తడిసేంత ఊట. మనం కూర దగ్గరపడింది అంటామే, సరిగ్గా అదే దశ. గరిటెతో ఒక చెంచాడు తీసి రుచి చూడండి, ఒట్టిగా తింటే ఉప్పు ఒక పిసరు ఎక్కువనిపించాలి. అన్నంతో సరిపోతుంది.

స్టవ్ ఆపెయ్యాలి. ఆపిన తర్వాతే ఆకు. మొత్తం ఒకేసారి వేసి పది సార్లు కింది నుంచి పైకి తిరగెయ్యాలి, అంతే. మూకుడి వేడికే ఆకు వాడి ముదురాకుపచ్చకు మారుతుంది. మంట మీదుండగా వేస్తే ఆకులోని సుగంధ నూనె ఆవిరైపోతుంది. ఇల్లంతా వాసన గుప్పుమంటుంది, పళ్లెంలోకి మాత్రం రాదు. వండేటప్పుడు బ్రహ్మాండంగా వాసన వచ్చి తినేటప్పుడు రాలేదని అనేవాళ్లు దాదాపు అందరూ ఆకు అర నిమిషం ముందు వేసినవాళ్లే. ముదురాకు కలిసి ఉంటే మాత్రం ఒక పావువంతు ఐదు సెకన్ల ముందు మంట మీదే వేసి, మిగతాది ఆపాక వెయ్యండి.

గుడ్డు విషయానికొస్తే, పెనం మీద వేసుకునే హాఫ్‌బాయిల్ లాంటిది కాదు. థాయ్‌వాళ్లు ‘ఖై దావ్’ అంటారు, నక్షత్రపు గుడ్డు అని. చిన్న పోపు మూకుట్లో అర అంగుళం లోతు నూనె పోసి బాగా కాగనివ్వాలి. గుడ్డు ముందే గిన్నెలో కొట్టుకుని, నూనెకు దగ్గరగా వంచి జార్చాలి, ఎత్తు నుంచి వేస్తే నూనె చిందుతుంది. మూకుట్లో ఒక్క నీటిచుక్క ఉన్నా పేలుతుంది. తెల్లసొన ఒక్కసారిగా పొంగి, అంచులు అల్లికలా ఎర్రబడతాయి. చెంచాతో వేడి నూనె పైన పోస్తుంటే నలభై అయిదు సెకన్లలో తెల్లసొన గట్టిపడి, పచ్చసొన మాత్రం జారుగా ఉండిపోతుంది. ఆ పచ్చసొన ఈ కారానికి కావాలి, అన్నంలో చిదిమితే సాస్‌తో కలిసి మంటను సగం తీసేస్తుంది. గుడ్డు ముందు వేయించి పక్కన పెట్టుకుని, ఆ నూనెలోంచే 2 టేబుల్‌స్పూన్లు తీసి వేపుడుకు వాడితే సరి.

పక్కన ఒక చిన్న గిన్నెలో ఫ్రిక్ నామ్ ప్లా పెట్టుకోవాలి. 3 టేబుల్‌స్పూన్ల ఫిష్ సాస్‌లో సన్నగా చక్రాల్లా తరిగిన నాలుగు మిరపకాయలు, ఒక వెల్లుల్లి రెబ్బ పలుకులు, ఒక టేబుల్‌స్పూను నిమ్మరసం. ఇది ముఖ్యంగా గుడ్డు మీదికీ, ఒట్టి అన్నం మిగిలిన చోటికీ. పది నిమిషాలు ఊరితే చాలు. థాయ్‌వాళ్లు దీన్నంతా చెంచా, ఫోర్కుతో తింటారు, చాప్‌స్టిక్స్‌తో కాదు. చేత్తో కలుపుకుంటే మనకు ఇంకా హాయి.

మాంసం తినని ఇళ్ల కోసం మీల్‌మేకర్ రవ్వతో చేసి చూశాను, గట్టి టోఫూతోనూ చేశాను. మీల్‌మేకర్ రవ్వ 60 గ్రాములు ఉప్పువేసిన వేడినీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, రెండుసార్లు గట్టిగా పిండి, పావుగంట గుడ్డ మీద ఆరబెట్టాలి. పిండడంలో బద్ధకిస్తే మళ్లీ ఆ బుడబుడే. దానికి నూనె ఒక టేబుల్‌స్పూను ఎక్కువ పడుతుంది, దానికి సొంత కొవ్వు ఉండదు కాబట్టి. పుట్టగొడుగులు 100 గ్రాములు సన్నగా కొట్టి విడిగా నీరంతా ఇగిరేదాకా వేయించి కలిపితే మాంసపు రుచికి దగ్గరగా వస్తుంది. ఫిష్ సాస్ బదులు పల్చటి సోయా మరో 2 టీస్పూన్లు, ఆయిస్టర్ సాస్ బదులు పుట్టగొడుగులతో చేసిన శాకాహార సాస్. టోఫూ కన్నా నాకు మీల్‌మేకరే నచ్చింది, టోఫూ చిదిమితే చివరికి మళ్లీ ముద్దకడుతుంది.

ఈ వంట మిగలదు కానీ, మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు చల్లటి అన్నంతో కలిపి మళ్లీ పెద్ద మంట మీద వేయించవచ్చు, అలా చేసే కఫ్రావ్ ఫ్రైడ్ రైస్ థాయ్ హోటళ్లలో విడిగా దొరుకుతుంది కూడా. రెండు కప్పుల అన్నానికి నిన్నటి వేపుడు ఒక కప్పు, ఒక టీస్పూను ఫిష్ సాస్. నిన్నటి ఆకులో వాసన ఏమీ మిగలదు, కాబట్టి స్టవ్ ఆపాక కుండీలోంచి తెచ్చిన కొత్త ఆకు ఒక గుప్పెడు మళ్లీ వెయ్యాలి.